రాంకోఠిలో ఒక పుస్తకాల బీరువా
(హైదరాబాద్ సంస్థానం కథ – 9వ భాగం)

మొదటి సాలార్‌జంగ్ దివానుగా చేసిన సంస్కరణల దగ్గర, ఆయన తెరిపించిన దార్-ఉల్-ఉలూమ్ బడి దగ్గర గత భాగంలో ఆగాం. ఇప్పుడు కొంచెం ముందుకు జరిగి 1901కి వద్దాం.

ఆ ఏటి జనాభా లెక్కల ప్రకారం సంస్థానంలో చదవను రాయను వచ్చినవాళ్లు నూటికి ముగ్గురు. ఆడవాళ్లలోనైతే వెయ్యికి నలుగురైనా ఉన్నారో లేదో. జనంలో ఇంచుమించు సగం మంది మాట్లాడేది తెలుగు. కచ్చేరీలో నడిచేది మాత్రం ఉర్దూ. 1880లలో ఫార్సీని దించి దాన్ని కూర్చోబెట్టారు. తన పొలం మీద వచ్చిన హుకుంలో ఏముందో తెలుసుకోవాలంటే నల్లగొండ రైతు ఎవరో ఒకరి గడప తొక్కాల్సిందే. చదివిపెట్టినవాడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడో లేదో తేల్చుకునే దారి ఆ రైతుకు లేదు. పట్వారీ పెత్తనంలో సగం ఈ చీకట్లోంచే వచ్చిందని నా అనుమానం.

హైదరాబాదులో గ్రంథాలయమే లేదని కాదు. 1891లోనే ఆసఫియా గ్రంథాలయం వెలిసింది. దాని వెనక ఉన్నవాళ్లు సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం. చాందా రైల్వే ఒప్పందం గుట్టు జనానికి తెలియాలని 1883లో గొడవచేసి, సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయతో పాటు నగర బహిష్కరణకు గురైన ఖయ్యూం ఈయనే. సర్కారును లెక్క అడిగిన మనిషే తర్వాత గ్రంథాలయానికి పూనుకోవడం ఈ కథలో పదే పదే కనిపించే సంగతి, గుర్తుపెట్టుకోండి. అరబీ, ఫార్సీ, ఉర్దూ గ్రంథాలకు ఆసఫియా పెట్టింది పేరు. తెలుగు పాఠకుడికి మాత్రం అక్కడ పెద్దగా పని లేదు.

1901 సెప్టెంబరు 1న రాంకోఠిలో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. ఆ రోజుల్లో పేరులోనే ఒక ధైర్యం ఉంది. నిజాం కొలువు ఉన్న నగరంలో విజయనగర చక్రవర్తి పేరు పెట్టారు, పైగా అది భాష కోసమని చెప్పారు. వెన్నుదన్నుగా నిలిచింది మునగాల రాజా నాయని వెంకట రంగారావు. ఊపిరి పోసింది ఆయన దివాను కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యమే, తాను మాత్రం మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లా ముక్క. ఆ చిన్న జమీనుకు అటు బ్రిటిషు చట్టాల గాలి తగిలేది, ఇటు తెలంగాణ పల్లెలతో రోజువారీ సంబంధం ఉండేది. రెండు లోకాల మధ్య రాకపోకలకు అంతకంటే మంచి చోటు దొరకదు.

లక్ష్మణరావు గారి చదువు కూడా అలాంటిదే. పుట్టింది పెనుగంచిప్రోలులో, చిన్నప్పటి చదువు భువనగిరిలో. తర్వాత నాగపూరులో అక్కాబావల దగ్గర పెరిగి, మరాఠీలో పట్టు సంపాదించారు. మరాఠీ నాట సభలు, సంఘాలు, పత్రికలు ఎలా నడుస్తున్నాయో దగ్గర నుంచి చూశారు. ఆయనను సాకిన ఆ అక్క బండారు అచ్చమాంబ. బడి గడప తొక్కే భాగ్యం ఆమెకు కలగలేదు. ఇంట్లో తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తెలుగు, హిందీ నేర్చుకున్నారు. ఆ చదువుతోనే భారతీయ స్త్రీల జీవిత చరిత్రలు పోగుచేసి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు, కథలు రాశారు, ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బందరులో స్త్రీ సమాజం పెట్టారు. 1905లో, ముప్పై దాటీ దాటకముందే పోయారు. తమ్ముడి పేరు వీధులకు, సంస్థలకు పెట్టుకున్నాం. అక్క పేరు సాహిత్య చరిత్రలో తొలి కథ ఎవరిదన్న వాదన వచ్చినప్పుడు తప్ప తలవం.

భాషా నిలయాన్ని పుస్తకాలు అరువిచ్చే చోటుగా మాత్రమే చూస్తే అసలు సంగతి చేజారుతుంది. అలాంటి సంస్థ నడవాలంటే చందాలు వసూలు చేయాలి, రసీదు ఇవ్వాలి, జమాఖర్చు రాయాలి. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం పిలిచి ఆ లెక్క చదివి వినిపించాలి. కార్యదర్శిని ఎన్నుకోవాలి, ఆయన పని నచ్చకపోతే మరుసటేడు మార్చాలి. ఒకరు తీర్మానం పెడితే ఇంకొకరు బలపరచాలి, మూడోవాడు సవరణ తెస్తే ఓపిగ్గా వినాలి. సంస్థానంలో ఎన్నికైన శాసనసభ లేదు, జనం ఓటు అడిగినవాడు లేడు, సభ జరుపుకోవడం హక్కని ఎవరూ అనుకోలేదు. అలాంటి చోట పాతికమంది గుమాస్తాలు, వకీళ్లు, విద్యార్థులు ఒక గదిలో కూర్చుని ఎన్నికలూ తీర్మానాలూ సాధన చేశారు. తర్వాతి కాలంలో తెలంగాణ రాజకీయాల్లో మనకు కనబడే పెద్దల్లో చాలామంది ప్రజాస్వామ్యాన్ని మొదట చూసింది పుస్తకాల్లో కాదు, ఆ పుస్తకాల బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న చర్చలోనే అంటే నేను నమ్ముతాను.

రాంకోఠి అడుగుజాడల్లో 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం లేచాయి. బీరువాలు సిద్ధమయ్యాక ఇంకో చిక్కు బయటపడింది. అందులో పెట్టడానికి ఏమున్నాయి? ప్రబంధాలు, శతకాలు, పురాణాలు. ఇవి అక్కర్లేదని ఎవరూ అనలేదు. కానీ రాజ్యాలెలా పుడతాయి, రోగాలెందుకు వస్తాయి, పొరుగు దేశాల్లో జనం రాజులతో ఎలా వేగారు అని అడిగే కుర్రవాడి చేతిలో పెట్టడానికి తెలుగులో పుస్తకాలు దాదాపు లేవు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది అందుకే. లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావులకు తోడుగా గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు కలిశారు. రెండేళ్లలో మండలి మకాం మద్రాసుకు మారినా పుట్టింది మాత్రం హైదరాబాదులోనే.

మండలి తొలి పుస్తకం ఏమిటో చూడండి. గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర. తెలుగువాడికి ముందుగా అందించాల్సినది ఫలానా రాజు చరిత్ర అనుకోలేదు, బానిసత్వం మీద యుద్ధం నడిపిన ఒక అధ్యక్షుడి కథ అనుకున్నారు. ఆ వెనకే చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము', ఆచంట లక్ష్మీపతి 'జీవశాస్త్రము', భౌతిక శాస్త్రం మీద పుస్తకాలు, పోటీలు పెట్టి రాయించిన చారిత్రక నవలలు వచ్చాయి. లింకన్ కథ రాసిన గాడిచర్ల ఏడాది తిరిగేసరికి బెజవాడలో 'స్వరాజ్య' పత్రిక నడిపి, 1908లో ఒక వ్యాసానికి రాజద్రోహ నేరం కింద మూడేళ్ల కఠిన శిక్ష పడి జైలుకెళ్లారు. తెలుగు నాట తొలి రాజకీయ ఖైదీల్లో ఆయన్ను లెక్కిస్తారు. బయటికొచ్చాక ఏం చేశారు? మళ్లీ గ్రంథాలయాలే, వయోజన విద్యే. జీవితాంతం ఆ రెండింటినీ వదల్లేదు. కాళేశ్వరరావు సంగతి ఇంకా ముచ్చటైనది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక శాసనసభ తొలి స్పీకరు ఆయనే. సభలో ఎవరు ఎప్పుడు లేవాలో, ఎవరు కూర్చోవాలో చెప్పే ఆ కుర్చీలోకి వచ్చిన మనిషి యాభై ఏళ్ల కిందట ఒక పుస్తక ప్రచురణ సంఘంలో కూర్చున్నవాడు.

కోస్తాలో ఈ పని బాహాటంగానే సాగింది. 1914 ఏప్రిల్‌లో బెజవాడ రామ్మోహన గ్రంథాలయంలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో, చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. తర్వాత 'గ్రంథాలయ సర్వస్వం' పత్రిక వచ్చింది, గ్రంథాలయ యాత్రలు నడిచాయి, 1935 నాటికి పాతూరి నాగభూషణం తెనాలి వైపు కాలువల్లో పుస్తకాల పడవ కూడా నడిపించారు. ఆ కథ పెద్దది, దానికి ఇంకో ధారావాహిక కావాలి. మనకు కావలసింది తేడా. అక్కడ పడవ ఎక్కిన పుస్తకం ఊరూరా తిరిగింది. ఇక్కడ తలుపు మూసిన గదిలో పుస్తకం తెరవడానికి కూడా ఇజాజత్ (సర్కారు అనుమతి) తెచ్చుకోవాల్సిన రోజులు ముందున్నాయి.

1921 నవంబరు 12. వివేకవర్ధినీ థియేటర్లో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ. పూనా నుంచి వచ్చిన కార్వే పండితుడు అధ్యక్షుడు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో ఉపన్యాసాలు సాఫీగా నడిచాయి. వకీలు ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మొదలుపెట్టగానే ఈలలు, చప్పట్లు, గోల. ఆయన మాట పూర్తికాలేదు. సభలోని తెలుగువాళ్లు ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కూడారు. పదకొండుమందితో ఆంధ్ర జనసంఘం ఏర్పడింది. అందులో మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు ఉన్నారు.

ఆ రాత్రి కథ చాలా పుస్తకాల్లో ఉంది. అవమానం వల్ల ఉద్యమం పుట్టిందని అందరం చెప్పుకుంటాం. నాకు ఆ మాట పూర్తిగా నచ్చదు. అవమానం అంతకుముందు ఎన్నిసార్లు జరగలేదు? పరువు పోయిందని ఇంటికెళ్లి పడుకోకుండా, అదే రాత్రి సంఘం పెట్టి, సభ్యులను చేర్చి, నియమావళికి పూనుకోవాలన్న ఆలోచన వచ్చిందంటే అలవాటు ఉండాలి. మాడపాటికి ఆ అలవాటు హనుమకొండ భాషా నిలయంలో అబ్బింది. ఆయన ఉర్దూలో కూడా గట్టివాడు, 'ముషీర్-ఎ-దక్కన్' పత్రికకు రాసేవారు. బూర్గులకు ఉర్దూ, ఫార్సీ, మరాఠీ కొట్టినపిండి. కాబట్టి ఇదంతా ఉర్దూ మీద పగ అనుకుంటే పొరపాటు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టి, పైచదువులన్నీ ఒక దేశభాషలో చెప్పవచ్చని దేశానికి మొదట రుజువు చేసింది ఈ సంస్థానమే. ఆ భాష సగంమంది జనానిది కాకపోవడమే పేచీ.

జనసంఘం పెట్టుకున్న మొదటి పనుల జాబితాలో పన్నుల తగ్గింపు, బాధ్యతాయుత ప్రభుత్వం లేవు. గ్రంథాలయాలు, పఠన మందిరాలు, బడులు ఉన్నాయి. అంత సాధుస్వభావమా అనిపిస్తుంది. కానీ గస్తీ నిషాన్ 53 అన్న ఉత్తర్వు వచ్చి మెడమీద కూర్చుంది. సర్కారు అనుమతి లేనిదే సభ లేదు. 1924లో ఖాన్గీ బడుల మీద కూడా ఆంక్షలొచ్చాయి, ఊళ్లలో అయ్యవార్లు నడిపే ప్రైవేటు బడులు వరసగా మూతపడ్డాయి. రాజకీయ సభకు ఇజాజత్ దొరకదు, గ్రంథాలయ వార్షికోత్సవానికి ఏదో ఒక తంటాపడి దొరుకుతుంది. దాంతో వార్షికోత్సవాల సంఖ్య పెరిగింది. పొద్దున కవిసమ్మేళనం, మధ్యాహ్నం హరికథ, సాయంత్రం 'విద్య ఆవశ్యకత' మీద ఉపన్యాసం. ఆ ఉపన్యాసం ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో తాలూకా అమీనుకు తెలియకేం! రిపోర్టులో రాయడానికి మాత్రం ఏమీ దొరికేది కాదు.

సంఘం తరఫున మాడపాటి చిన్న చిన్న పుస్తకాలు వేయించారు. వెట్టిచాకిరీ మీద ఒకటి, వర్తక స్వాతంత్ర్యం మీద ఒకటి, చేతివృత్తులవాళ్లపై పడే మొహతర్ఫా పన్ను మీద ఒకటి. ఈ పుస్తకాల గొప్పతనం ఆవేశంలో లేదు. ఫలానా పన్ను ఎవరు కట్టాలి, ఎవరు కట్టనక్కర్లేదు, ఫలానా వెట్టిని సర్కారు ఏ ఉత్తర్వులో ఎప్పుడో రద్దు చేసింది అన్న సంగతులు తెలుగులో విడమర్చాయి. ఊళ్లో ఒక్కడికి చదువొస్తే చాలు, అరుగు మీద పదిమంది వింటారు. మరుసటి రోజు పట్వారీ వచ్చి బండి కట్టమంటే, ఏ ఉత్తర్వు ప్రకారం అని అడిగేవాడు ఆ పదిమందిలో ఒకడు లేస్తాడు. రాంకోఠిలో ముప్పై ఏళ్ల ముందు పెట్టిన బీరువా నల్లగొండ పల్లెలోని దొర గడీ గోడకు తగిలింది ఈ దారినే.

ఇక సురవరం ప్రతాపరెడ్డి. కొత్వాలు రాజా బహదూర్ వెంకటరామారెడ్డి 1918లో పెట్టిన రెడ్డి హాస్టలు బాధ్యతలు చూస్తూ, అక్కడి కుర్రవాళ్లకు మంచి గ్రంథాలయం అమర్చారు. ఆ హాస్టల్లో చదువుకున్నవాళ్లలో రావి నారాయణరెడ్డి ఒకరు. 1926 మే నెలలో ప్రతాపరెడ్డి 'గోలకొండ' పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులు లేరని ఎవరో తేలిగ్గా అన్నారు. ఆయన వాదనకు దిగలేదు. పత్రికలో ప్రకటన వేసి, ఊళ్లనుంచి ఉత్తరాలు తెప్పించుకుని, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేసి చేతిలో పెట్టారు. లెక్క చూపించి నోరు మూయించడం గ్రంథాలయంవాళ్ల పద్ధతి. అంతకు నాలుగేళ్ల ముందు, జనసంఘమే పెరిగి ఆంధ్ర మహాసభగా 1930లో జోగిపేటలో తొలిసారి కూడినప్పుడు అధ్యక్షుడు కూడా ఆయనే. పక్కనే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ జరిగింది.

ఇంతవరకూ చెప్పిన పేర్లను ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. జమీందారులు, కరణాల బిడ్డలు, వకీళ్లు, దేశ్‌ముఖుల ఇళ్లవాళ్లు. గ్రంథాలయం తలుపు అందరికీ తెరిచే ఉందని నియమావళిలో రాసుకున్నా, వీధిలోంచి ఆ తలుపు దాకా రావడానికే చాలామందికి దారి లేదు. మాలమాదిగ పిల్లల కోసం భాగ్యరెడ్డి వర్మ వేరే దారి వేసుకోవలసి వచ్చింది. ఆయన 1906లో జగన్ మిత్ర మండలి పెట్టి హరికథలు, భజనలతో మొదలుపెట్టారు. చదవడం రానివాళ్ల దగ్గరికి పుస్తకంతో వెళ్లి లాభం లేదని ఆయనకు తెలుసు. 1910లో ఈసామియా బజారులో బడి తెరిచారు, తర్వాత ఒక్కొక్కటే పెంచుకుంటూ వెళ్లారు. 1917లో బెజవాడలో పంచమ మహాసభకు అధ్యక్షత వహించి, ఆ సభను 'ఆది ఆంధ్ర' సభగా మార్పించిన ఘనత ఆయనదే. తెలంగాణ చైతన్యం గురించి రాసే పుస్తకాల్లో భాషా నిలయాలకు ఒక అధ్యాయం, వర్మగారి బడులకు ఒక పేరా దక్కుతుంది. నేనూ ఇక్కడ అంతకంటే పెద్దగా ఇవ్వలేదు, తర్వాతి భాగాల్లో ఆయన దగ్గరికి మళ్లీ వస్తాను.

ఆడపిల్లల చదువుకు మాడపాటి 1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల ఉన్నత పాఠశాల తెరిచారు. ఉర్దూలో చెబితే తప్ప ఉస్మానియా గుర్తింపు ఇవ్వదు. అప్పుడు ఆయన బడిని పూనాలోని మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేశారు. ఆ విశ్వవిద్యాలయాన్ని స్థాపించినది కార్వే. తెలుగు ఉపన్యాసం ఆగిపోయిన సభకు అధ్యక్షుడుగా కూర్చున్న ఆ కార్వేనే!

నిలయాల లోపలికి రానివాళ్లలో ఒకడు నిలయాన్నే భుజాన వేసుకు తిరిగాడు. వట్టికోట ఆళ్వారుస్వామి 1915లో నల్లగొండ జిల్లా చెరువు మాదారంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంట చేసిపెడుతూ ఆయన దగ్గరే చదువు నేర్చుకున్నారు. హోటల్లో సర్వరుగా చేశారు, ప్రెస్సులో ప్రూఫులు దిద్దారు. వేరే ఎవరైనా ఇంతటితో ఊపిరి పీల్చుకుని గుమాస్తా ఉద్యోగం వెతుక్కునేవారు. ఈయన 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టారు. పెట్టుబడి లేదు, దుకాణం లేదు. అచ్చయిన పుస్తకాలు సంచిలో వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవారు, ఆ డబ్బుతో తర్వాతి పుస్తకం వేసేవారు. పుస్తకం కొన్న ఇంట్లోనే భోజనం, ఆ ఊళ్లోనే పదిమందితో మాటామంతీ. కార్యకర్త వేరు, పుస్తకాలమ్మే మనిషి వేరు అన్న తేడా ఆయన విషయంలో చెరిగిపోయింది. ఆంధ్ర మహాసభలో పనిచేశారు, జైలుకెళ్లారు. నిజామాబాదు జైల్లో దాశరథి కృష్ణమాచార్య ఆయనకు తోటి ఖైదీ. గోడ మీద బొగ్గుతో దాశరథి పద్యాలు రాసిన జైలు అదే. బయటికొచ్చాక ఆళ్వారుస్వామి రాసిన 'ప్రజల మనిషి' నవల, 'జైలు లోపల' కథలు తెలంగాణ పల్లెను తెలుగు సాహిత్యంలోకి ఎలాంటి అలంకారాలూ లేకుండా తెచ్చిపెట్టాయి. రాంకోఠి పెద్దలు తలపెట్టిన పనిలో వాళ్ల ఊహకు అందని ఫలితం ఆళ్వారుస్వామి అనిపిస్తుంది నాకు. జమీందారు చందాతో మొదలైన ఉద్యమం జమీందారీ మీదే నవల రాసేవాణ్ని తయారుచేసింది.

ఒకే బీరువాలోని పుస్తకాలు చదివినవాళ్లంతా ఒకే దారిన నడుస్తారన్న హామీ ఏమీ లేదు. 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభ నిలువునా చీలింది. అధ్యక్షపీఠం మీద రావి నారాయణరెడ్డి, దూరం జరిగినవాళ్లలో పాతతరం మితవాదులు. కిందటి వారం దాకా ఒకరి పుస్తకానికి ఒకరు పీఠిక రాసినవాళ్లు రెండు సభలయ్యారు. 1952 ఎన్నికలొచ్చేసరికి బూర్గుల కాంగ్రెసు ముఖ్యమంత్రి, ప్రతాపరెడ్డి వనపర్తి శాసనసభ్యుడు, మాడపాటి అప్పటికే హైదరాబాదు మేయరు. నల్లగొండ నుంచి లోక్‌సభకు కమ్యూనిస్టుల వైపు నిలిచిన రావి నారాయణరెడ్డి నెహ్రూకంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు.

భువనగిరి సభలో ఏం జరిగింది, వెట్టిని ఆపమన్న తీర్మానం తుపాకీ దాకా ఎలా వెళ్లింది అన్నది వచ్చే భాగంలో.